రెప్ప వేయని మీటరు

ఎసిహా ఊరిని స్పెయిన్‌లో బాణలి అంటారు.
ఆగస్టు నెల, మధ్యాహ్నం మూడు.
ఆ బాణలి అడుగున నేను
గోడల నీడ ఎటు ఉంటే అటు జరుగుతూ
ఒక చిరునామా వెతుక్కుంటున్నాను.

కరెంటు దొంగల్ని పట్టడం నా ఉద్యోగం.
పొద్దున కంప్యూటరు ఒక పేరును ఎర్రగా చూపింది:
విసితాసియోన్ గార్రిదో, వయసు ఎనభై ఒకటి.
జూలై అంతా కలిపి ఆమె వాడింది
పక్కింటివాళ్లు మూడు రోజుల్లో వాడేంత.
"తీగకు కొక్కెం వేసుంటుంది" అన్నాడు మా పైవాడు,
"లేదా పోయుంటుంది. ఏదో ఒకటి తేల్చుకు రా."

వీధి పొడుగునా ఏసీ డబ్బాలు.
ప్రతి ఇల్లూ తన సెగను తీసి
ఎదుటింటి మొహాన కొడుతోంది.
ఆమె గోడకు మాత్రం డబ్బా లేదు.
కిటికీల బయట, ఇనుప కమ్మీల మీంచి
గడ్డితో అల్లిన చాపలు వేలాడుతున్నాయి.

తలుపు జానెడు తెరుచుకుంది.
"తొందరగా రా నాయనా,
నీ వెనకాలే ఎండ కూడా దూరుతుంది."

లోపల చీకటి. కళ్లు కుదుటపడేలోగా
చల్లదనం మెడ వెనక చెయ్యి వేసింది.
చెమటలు కారుతున్న మట్టికూజా ఒకటి చేతికిచ్చి
ఎత్తి తాగమంది, మూతి తగలకుండా.
తాగి, చొక్కా తడుపుకుని,
ఆమెనే అనుమానిస్తూ ఇల్లంతా వెతికాను.

కొక్కెం లేదు.
మేడ మీద మొన్నే వేసిన సున్నం, కళ్లు చెదిరేంత తెలుపు.
పైగదులు ఖాళీ. జూన్ రాగానే
మంచం, రేడియో, కుట్టు మిషనుతో సహా
ఆమె కింది అంతస్తుకు కాపురం మార్చేస్తుందట.
నాలుగింటికి అలారం. "కొందరు చర్చికి లేస్తారు,
నేను కిటికీలకు లేస్తాను" అంది.
ఎనిమిదయ్యేసరికి అన్నీ మూత.

"అద్దానికి లోపలివైపే తెర వేసుకోవచ్చుగా,
బయట ఈ చాపలెందుకు?" అన్నాను.
నా మెడలోని గుర్తింపు కార్డు చదివి నవ్వింది.
"దొంగల్ని పట్టేవాడివి, నీకు నేను చెప్పాలా?
వాడు గదిలోకి వచ్చాక తలుపేస్తే ఏం లాభం?"

నేనూ నవ్వాను. కాగితం మీద
సున్నా వేసి లేవబోతుంటే
ఆమె నవ్వడం మానేసింది.

"రెండేళ్ల కింద ఎవుసేబియో పోయాడు.
ఆ చివర కొత్త భవనం, నాలుగో అంతస్తు,
పడమటి వైపు గోడంతా అద్దమే.
చాప కట్టడానికి మేకు కొట్టనివ్వరట, అందం పోతుందని.
ఏసీ ఉంది. బిల్లుకు జడిసి వేసుకోలేదు.
ఐదో రోజు వాసన వచ్చింది.
ఆయన మీటరు కూడా కదల్లేదు కదా,
మరి మీవాళ్లెవరూ రాలేదేం?"

జవాబుగా కూజా మూతి తుడిచి
యథాస్థానంలో పెట్టాను.
"గాలి లేని రాత్రులు నాకూ కష్టమే.
అప్పుడు ఫ్యాను వేస్తాను.
అది కూడా రాసుకో" అంది, తలుపు ఓరగా పట్టుకుని.

వీధిలో పడ్డాను.
జాబితాలో తర్వాతి పేరు ఒక మగమనిషిది,
డెబ్బై ఆరేళ్లు, ఒంటరి,
వాడకం దాదాపు లేదు.
మూడో అంతస్తు.
మెట్ల కింద వరసగా మీటర్లు, ఎర్ర దీపాలు
టపటపా కొట్టుకుంటున్నాయి.
ఒక్కటి, ఎంతసేపు చూసినా,
రెప్ప వేయలేదు.

లిఫ్టు కోసం ఆగలేదు నేను.