హీటర్ ఆగని బండి

పదకొండేళ్ళుగా దాని మీద ఉల్లిపాయలు ఆరబెడుతున్నాం.
కొట్టంలో, దాణా బస్తాల వెనక,
ముక్కు గోడకి ఆనించి నిలబడ్డ ట్రయంఫ్.
ఆవపూల రంగని కొన్నరోజు ఊరంతా చెప్పుకున్నాను.
ఇప్పుడు దుమ్ము రంగు.
పెయింటు డబ్బాలకి అలమర,
పిల్లులకి పురిటిగది,
ఇద్రిస్‌కి ఏటా ఒకసారి సణగడానికి సాకు:
"ఆ తుక్కు అమ్మితే కొత్త గేటు వస్తుంది, మెరెరిడ్."
నేనూ కాదనలేదు.
కాదనడానికైనా కాస్త ప్రేమ మిగలాలి కదా.

మా తమ్ముడు గెథిన్ మాత్రం
క్రిస్మస్‌కి వచ్చినప్పుడల్లా బ్యాటరీ తగిలించి
ఐదు నిమిషాలు దాన్ని ఉరిమించి వెళ్ళేవాడు,
ఆసుపత్రిలో పెద్దావిణ్ణి పలకరించినట్టు.

మార్చి నెల, తెల్లవారుజాము మూడున్నర.
తల్లి దగ్గరికి రానివ్వని గొర్రెపిల్ల
తడిసిన మేజోడులా నా చేతిలో వేలాడింది.
నోట్లో వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది.
వ్యాను క్లచ్ ముందురోజే చేతులెత్తేసింది.
డాక్టర్ హెలెద్ ఉండేది బాలాలో,
మధ్యలో కొండ, కొండ నిండా పొగమంచు.

చోక్ పూర్తిగా లాగాను.
మొదటిసారి దగ్గు.
రెండోసారి అదీ లేదు.
మూడోసారి నేను తిట్టాను, మా వెల్ష్‌లో,
ప్రార్థనామందిరం గోడలు వినకూడని మాటలు.
నాలుగోసారి కొట్టమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది.
వెనక్కి తీస్తుంటే ఉల్లిపాయలు దొర్లి
చీకట్లోకి ఎటు పోయాయో.
ఇన్సూరెన్స్ సంగతి ఆ దేవుడికే తెలియాలి.

దాని హీటర్ ఆగదు. కొన్నప్పటినుంచీ అంతే.
ఒక జూలైలో సముద్రానికి వెళ్తూ
ఇద్రిస్ బూట్లు విప్పి
దారంతా కాళ్ళు కిటికీ బయట పెట్టుకున్నాడు.
ఆ రోగంతో విసిగే దాన్ని సగం వదిలేశాను.
ఆ రాత్రి అదే రోగం
పక్కసీట్లో తువ్వాలు చుట్టుకున్న గుప్పెడు ప్రాణం మీద
వెచ్చగా ఊదుతూ కూర్చుంది.

వెలుగుతున్నది ఒక్కటే దీపం, ఎడమది.
సగం రోడ్డు కనిపిస్తోంది,
మిగతా సగం నాకు నోటికి వచ్చు.
మొదటి మలుపులో మూడు నుంచి రెండుకి దించాను.
చెయ్యి నన్ను అడగలేదు.
బ్రేకు మీద బొటనవేలు, యాక్సిలరేటర్ మీద మడమ,
అవీ అడగలేదు.
ఇరవయ్యారేళ్ళ కాలొకటి
నా అరవైరెండేళ్ళ బూటులో
ఇన్నాళ్ళూ చప్పుడు చెయ్యకుండా దాక్కుంది.

పెట్రోలు వాసన, తడి తోలు వాసన,
పాత రెక్సిన్ కింద ఎప్పటిదో నారింజ తొక్క వాసన.
స్టీరింగ్ వణుకుతూ ప్రతి గులకరాయినీ
నా అరచేతికి పేరుపేరునా చెబుతోంది.
వ్యానెప్పుడూ ఏమీ చెప్పదు.

ఇక్కడొకటి ఒప్పుకోవాలి.
శిలువ కనుమ అంటాం ఆ కొండదారిని. అది ఎక్కుతుంటే
దాదాపు మూడు మైళ్ళు
గొర్రెపిల్లని మరిచిపోయాను.
పక్కన ప్రాణం పోతోందన్నది మరిచి
పళ్ళన్నీ కనబడేలా నవ్వాను, ఒక్కదాన్నే, చీకట్లో.
సిగ్గుపడాల్సిన పని.
పడ్డాను కూడా, కాస్త ఆలస్యంగా.

దిగుడులో అది నోరు విప్పింది.
తుమ్ముకీ తిట్టుకీ మధ్య ఏదో శబ్దం.

హెలెద్ పైజమా మీద కోటు తొడుక్కుని
గుమ్మంలోకి వచ్చింది.
పొగలు కక్కుతున్న బండిని చూసి,
నా చేతిలో మూటని చూసి,
"ఇద్దరిలో రోగి ఎవరు?" అంది.

సూది పడింది. పాలు తాగింది. బతికింది.
ఇప్పుడది మొండి గొర్రె, కంచెలు దూకుతుంది.

ఇంటికి దగ్గరి దారి ఉంది.
సరస్సు చుట్టూ తిరిగి వచ్చాను.
నీళ్ళ మీద తెల్లారుతుంటే
ఒకచోట ఆపాను కానీ ఇంజను ఆపలేదు,
మళ్ళీ పలుకుతుందో లేదోనని.
బానెట్ మీద చెయ్యి వేస్తే
ఉల్లిపొట్టు ఒకటి అరచేతికి అంటుకుని వచ్చింది.

వాకిట్లో ఇద్రిస్ వంగి ఉల్లిపాయలు ఏరుతున్నాడు.
"పిల్ల?" అన్నాడు.
"బానే ఉంది," అన్నాను.
బండి గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు.
ఈసారి ముక్కు వాకిలివైపు ఉండేలా నిలిపాను.
దాని కింద అప్పుడే నల్లగా నూనె మరక.
అతను అటు తిరగగానే
కాలితో గడ్డి లాగి కప్పేశాను,
రాత్రంతా ఎవరితోనో తిరిగి వచ్చినదానిలా.