ఉల్లిపొట్టు

వాలుగ చేప దవడతో
గింజనంటిన పత్తిని దువ్వుతాను నేను, పొందూరులో.
దువ్విన ప్రతిసారీ
కంటికి ఆనని నూగొకటి లేచి
నేరుగా నా ముక్కులోకే వస్తుంది,
పిలవకపోయినా వచ్చే చుట్టంలా.

పొద్దున్నే తొమ్మిది తుమ్ములు.
సరిగ్గా పాల సైకిలు వీధిలో ఆగే వేళకి.
ఒకరోజు కాస్త వెనకబడితే
పక్కింటి నరసమ్మ గోడ అవతల్నుంచి కేకేసింది:
"అప్పా, నీ గడియారం ఈరోజు ఆలీసమైపోనాదేటి?"

తుమ్ముల బిళ్ళ వేసుకుంటే తుమ్ము ఆగుతుంది.
దారమూ ఆగుతుంది.
రాట్నం ముందు మెడ వాలిపోయి
నిద్దట్లో ఎంత నూలు తెంపానో
కూలి లెక్క రాసే గుమస్తాకి తెలుసు.

మందుల షాపు తవిటినాయుడు
పై అరలోంచి ఒక సీసా దించాడు.
"క్వెర్సెటిన్. నిద్దర రాదు అప్పా."
మూడుసార్లు పలికాను.
మూడోసారికి అది కొర్సిశెట్టి అయింది,
ఎవరిదో ఇంటిపేరులాగ.
ఆరువందల యాభై.
కొనేశాను కానీ మూత తియ్యలేదు.
ఎరగని చుట్టాన్ని ఇంట్లోకి రానిచ్చే ముందు
ఇంకొకరిని అడగాలి కదా.

సిక్కోలు బస్సెక్కి
డాక్టరమ్మ బెవర హైమావతి ముందు సీసా పెట్టాను.
"ఇది కొత్తదేం కాదమ్మా,
ఉల్లిపాయలో ఉంటుంది, మునగాకులో ఉంటుంది.
కొందరికి హాయిగా ఉందంటారు.
అందరికీ పనిచేస్తుందని ఇంకా ఎవరూ తేల్చలేదు."
తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.
రక్తం పల్చబడే బిళ్ళలున్నాయా?
మూత్రపిండాల జబ్బుందా?
ఇంకేం వాడుతున్నావు?
బీపీ బిళ్ళ, అన్నాను.
పేరు అడిగితే సంచిలోంచి ఖాళీ అట్ట తీశాను.
చిరిగిన వెండి రేకు మీద మిగిలిన సగం అక్షరాలని
కళ్ళద్దాలు పైకెత్తి
దీపం దగ్గర పెట్టి చదువుకుంది.
"సరే. రోజుకి ఒక్కటే.
పరగడుపున కాదు, అన్నం తిన్నాక,
కూరలో కాస్త నూనె ఉన్న పూట.
తలనొప్పి వచ్చినా, తిమ్మిర్లు ఎక్కినా ఆపేసి రా.
ఆరు వారాలు చూడు.
ఏమీ తేడా లేకపోతే
ఆ డబ్బు పెట్టి కూరగాయలు కొనుక్కో."

మొదటి రోజు
తడి చేతిలో మాత్ర మెత్తబడి విడిపోయింది.
అరచేతిలో పసుప్పచ్చ.
నేను ఎరిగిన పచ్చ!

బస్టాండు హోటలు పోలమ్మ దగ్గర
గోనెడు ఉల్లిపొట్టు పది రూపాయలకి తెచ్చి,
పెరట్లో గుండిగ పెట్టి,
పటిక వేసి మరిగిస్తే
నూలుకి ఎక్కే పచ్చ.
ఇరవై ఏళ్ళుగా నా గోళ్ళ సందుల్లో
నానుతున్న పచ్చ.
ఇన్నాళ్ళూ కాలువలో పారబోసిందాన్ని
ఇప్పుడు సీసాలో కొనుక్కొచ్చాను.

నరసమ్మకి చెప్తే పడీపడీ నవ్వింది.
"మరింకేటి, ఆ గుండిగ నీల్లే తాగీ!"
"పటిక నీల్లే పిచ్చిదానా,
పేగులకి రంగెయ్యమంటావేటి?"

కేలండరు మీద బొగ్గుముక్కతో గీతలు పెడుతున్నాను.
మొదటి వారం తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది.
రెండో వారంలో ఓరోజు ఏడు.
కొత్త పత్తి మూటలు విప్పిన బేస్తవారం
పదకొండు.
ఆ రోజు సీసాని తిట్టాను, పత్తిని తిట్టాను,
ఏమీ అనలేక తవిటినాయుణ్ణి కూడా తిట్టాను.
సాయంత్రానికి కోపం చల్లారింది.
నూలుకి మాత్రం ఒక్క ముంపుకే రంగెక్కుతుందా,
ముంచి, పిండి, నీడన ఆరేసి,
మళ్ళీ ముంచుతాం కదా.
అయినా ఒక్కో చిలప ఎంత ముంచినా ఎక్కించుకోదు.
అదీ చూశాను.

నాలుగో వారం, ఈ పొద్దు.
ఆరు తుమ్మాను.
ఏడోది వస్తుందని
చీర చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని
రాట్నం తిప్పకుండా కూర్చున్నాను.
పాల సైకిలు ఆగింది, వెళ్ళిపోయింది.

గోడ మీద నరసమ్మ తల లేచింది.
"అప్పా, టైమెంతైనాదే?"