తొమ్మిదో హోస్టు

తొమ్మిదో హోస్టు పోయింది, గురువారం రాత్రి,
ముఖం మీద ఊదారంగు తెర కప్పుకుని,
నలభై రెండు వర్చువల్ మిషన్లను ఒడిలోంచి జారవిడిచి.
మళ్లీ లేపితే లేచింది
నిన్నటిది ఒక్కటీ గుర్తులేకుండా.
లాగ్‌లన్నీ తన మెమరీలోనే రాసుకుంది, పిచ్చిది.
తన చావు కబురు తన గుప్పిట్లోనే పట్టుకుపోయింది.

"ఎందుకు?" అన్నాడు ఖల్ఫాన్,
ఖర్జూరం గింజ గిన్నెలో వేస్తూ, మెల్లగా.
సొహార్ రేవు పక్కన ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే పంపుల లెక్కంతా
మా గదిలోనే నడుస్తుంది.
నా దగ్గర జవాబు లేదు. తెల్లకాగితం ఉంది.

హోస్టు లోపలి డిస్కులో దాస్తే డిస్కుతోపాటే పోతాయి.
అందరూ పంచుకునే స్టోరేజీలో అయితే
ఆ తీగ తెగిన రోజు, సరిగ్గా ఆ రోజే, ఒక్క ముక్క రాయలేం.
వేరే సర్వరుకి పంపాలి.
దాన్ని కూడా ఈ హోస్టుల మీదే పెడదాం, డబ్బు కలిసొస్తుంది, అన్నాడు షిజు.
ఇల్లు కాలితే పనికొచ్చే కాగితాలు
ఇంట్లో బీరువాలోనా, అన్నాను.
టీ చల్లారిపోయింది.

గేటు దగ్గర పోశెట్టి. జగిత్యాల అవతల ఏదో ఊరు.
"లాగులు దాసుడేంది మేడం, ఉతికి ఆరేసుకోక!"
మిషన్లు రాసుకునే డైరీ, పోశెట్టీ.
"గట్లనా," అని బల్ల కింద నుంచి
నూనె మరకల రిజిస్టరు తీశాడు.

1-20 పిల్లి.
2-45 పిల్లి.
3-35 రూము లోపట ఏసీ సప్పుడు బందయింది.
3-40 ఎర్ర లైటు.
3-41 షిజు సార్‌కు ఫోన్. ఎత్తలే.
4-10 పిల్లి.

మూడు నలభయ్యా? మిషన్లు పలక్కుండా పోయింది రెండూ పదికి!
"నా గడియారం ఇండియాది మేడం.
మార్చలే. పదకొండేండ్లాయె."

హోస్టుల గడియారం ఇక్కడికన్నా నాలుగ్గంటలు వెనక,
అతని చేతిది గంటన్నర ముందు.
ఒకే చావుకి మూడు వేళలు.
జాతకం వేసినట్టు వేళ్లు మడిచి లెక్కగట్టాను.
పదీ పది, రెండూ పది, మూడూ నలభై.
కలిసింది. ముందు ఏసీ, ఐదు నిమిషాలకి తొమ్మిదో హోస్టు.

పాత రిజిస్టర్లు ఎన్నాళ్లు ఉంచుతావు?
క్యాంపులో మంచం కింద ఏడు నెలలవి ఉన్నాయట.
రాగి తీగ పోయిందని ఒకసారి తనవైపు వేలు చూపారట,
పోయిన నాలుగు నెలలకి.
"పోయినప్పుడు అడగరు మేడం.
యాదికొచ్చినప్పుడు అడుగుతరు."

ఆదివారం కొత్త కాగితం పెట్టాను:
లాగ్‌లకి వేరే పెట్టె, వేరే గది, వేరే కరెంటు.
గేటు గది వెనక చోటుంది.
గడియారాలన్నిటికీ ఒకటే వేళ.
నూట ఎనభై రోజులు.
ముప్పై చాలన్నాడు షిజు, ఫోను వంక చూడకుండా.
"ఈ నూట ఎనభై ఎక్కడిది?" అన్నాడు ఖల్ఫాన్.
ఏదో ప్రమాణం పేరు చెప్పొచ్చు. చెప్పలేదు.
వెళ్లేటప్పుడు గేటు దగ్గర అడగండి, అన్నాను.

పెట్టె వచ్చింది. మొదటి రాత్రే లక్షన్నర వరుసలు,
దాదాపు అన్నీ ఏమీ జరగలేదనే.
పనికిరానివి కొన్ని ఆపేద్దామని
మీట మీద వేలు పెట్టి
ఆగాను.
పిల్లి ఎన్నిసార్లు వచ్చిందో రాసిన చెయ్యే
ఏసీ ఆగిందని కూడా రాసింది.