నల్ల కవరు

పొద్దున్న ఆరింటికి మస్టరు.
బైకు ట్యాంకు మీద పుస్తకం పెట్టుకుని
గార్డు పేర్లు పిలుస్తాడు.
నన్ను సోమవారం అంటాడు.
సోంబారి బాబూ, అని దిద్దడం ఎప్పుడో మానేశాను,
ఏ పేరు మీద పడ్డా కూలి డబ్బులు అవే.

మందస దాటి ఎక్కిన కొండ ఇది.
కింద జీడితోటలు, పూత మీదున్నాయి.
మంచు విడిస్తే వాటికవతల సముద్రం
కత్తి అంచంత సన్నగా.
పదకొండుమందిమి.
ఒక రంపం మిషను, దాంతో పలాస నుంచి వచ్చిన దాలినాయుడు,
వీపు మీద నీళ్ల డబ్బాతో రూపవతి,
కర్ర తప్ప ఏమీ మొయ్యని సుక్కయి తాత.

ఈ యేడు పని పరాయి చెట్లు తియ్యడం.
తలంబ్రాల కంప, ఆస్ట్రేలియా తుమ్మ.
అవి పోతే గడ్డి వస్తుందట,
గడ్డి వస్తే కణుజు వస్తుందట,
మద్దీ ఏగిసా వాటంతటవే లేస్తాయట.
గార్డు కాయితం చూసి చదివాడు. మేం తలూపాం.

పసుపూ గులాబీ ఒకే గుత్తిలో,
కొండంతా పెళ్ళి జరుగుతున్నట్టే ఉంటుంది.
చెయ్యి పెడితే తెలుస్తుంది తలంబ్రాల సంగతి.
మోచేతుల దాకా గీతలు, గీతల్లో చెమట.
దాని కింద గడ్డిపోచ లేదు, అడ్డతీగ లేదు,
మా అమ్మ విస్తరాకులు కోసిన చోటు
ఏదో పోల్చుకోలేకపోయాను.

దాలినాయుడు చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతాడు.
ఎటు వాలాలో దానికి చేత్తో చూపిస్తాడు
పసిపిల్లకి దారి చెప్పినట్టు.
తర్వాతే మిషను అరుస్తుంది.
"తప్పుకోండర్రా!"
పడిన చప్పుడు కన్నా
పడ్డాక మీదికి దూకే వెలుతురు ఎక్కువ భయం.
ఇన్నేళ్ళూ ఎండ తగలని నేల
లేపిన మనిషిలా మొహం తిప్పుకుంటుంది.

గిడసబారిన చెట్టు ఒకటి, రంపం అక్కర్లేదన్నాడు.
తాడు కట్టి నలుగురం లాగితే
వేళ్ళతో సహా వచ్చేసింది.
వేళ్ళ చుట్టూ నల్ల కవరు.

నర్సరీ కవరు.

పన్నెండేళ్ళు నాకప్పుడు, గొయ్యికి రూపాయిన్నర.
అమ్మ గొయ్యి తీసేది, నేను మొక్క పెట్టేదాన్ని.
కవరు సింపి పెట్టే, కవరు సింపి పెట్టే,
గునపం దెబ్బకో మాట అంటూనే ఉండేది.
సాయంత్రానికి గోళ్ళు లేచిపోయాయి.
కొన్నిటికి చింపలేదు.
ఎన్నిటికో లెక్క లేదు, మట్టి కప్పేశాను,
మట్టి ఎవరికీ చెప్పదు కదా.
ఇన్నాళ్ళూ అది నా కవరులోనే పెరిగింది,
బుట్ట అల్లినట్టు వేళ్ళు
లోపల్లోపలే తిరుగుతూ.

"ఏటే, పామేటి?" అంది రూపవతి.
కాదన్నాను.

సముద్రపు గాలి తగ్గేదాకా నిప్పు పెట్టనివ్వడు గార్డు.
అంబలి తాగి కూర్చున్నాం.
నీడలు సాగాక సుక్కయి తాత లేచి
కుప్ప చుట్టూ కర్రతో కొట్టాడు, మా భాషలో అరుస్తూ:
లేవండి, లేవండి, ఇల్లు కాలబోతోంది.
ఒక ఉడుము వచ్చింది, నింపాదిగా.
రెండు పూరేడు పిట్టలు.
"ఇంకేటీ లేవు" అన్నాడు గార్డు.
తాత వినలేదు. ఇంకో చుట్టు తిరిగాడు.
అప్పుడు మూడు వైపులే అంటించాం,
కొండ వైపు వదిలేసి.

పచ్చాకు పటపటలాడింది.
తెల్లటి పొగ ఘాటుగా ముక్కుల్లోకి.
ప్లాస్టిక్ మంటలో వెయ్యకూడదని రూలు.
వెయ్యలేదు. మడిచి బొడ్లో దోపుకున్నాను.

ఇంటి దగ్గర దులిపితే గుప్పెడు మట్టి రాలింది,
ఎర్రగా, మా కొండది కాదు.
ఏం చెయ్యాలో తోచక గుమ్మం పక్కన పోశాను.
కోడి వచ్చి కెలికి చూసి వెళ్ళిపోయింది.

మద్ది మొక్కలు పెట్టిస్తారట వానలకి.
వాటంతటవే లేస్తాయన్నారు కదా అంటే
గార్డు నవ్వాడు.
మందసలో లారీ దిగిందట, కవర్లు.
గొయ్యికి ఎంతో ఇంకా చెప్పలేదు.