అర మిల్లీ వాన

సుంకేసుల గేట్ల కింద
నీళ్లు రాళ్ల దాకా దిగిపోయిన ఆషాఢం.
షెడ్డు రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నాయి.
మద్దిలేటి కొర్రమీన్లు తెచ్చాడు
మోపెడ్‌కి చెరోవైపు డ్రమ్ము కట్టి.
"ఆడది కిలోంబావు తూగుతాది. మొగోడు రవ్వంత బక్కోడు.
ఏటి మడుగులో పట్టినా. పైలం మేడమా."
నా రిజిస్టరులో వాటికి పేర్లుండవు.
ఆడ పదకొండు. మగ నాలుగు.

తడిగుడ్డ కళ్ల మీద కప్పితే చేప ఊరుకుంటుంది.
పొద్దు గూకిందనుకుంటుందో,
ఇక పెనుగులాడి లాభం లేదనుకుంటుందో.
వీపు రెక్క కింద పొలుసు ఎత్తి
సూది ఏటవాలుగా దించాలి.
కిలోకి అర మిల్లీ.
నీళ్లలాంటి ఆ మందుకి వచ్చింది ఒకటే మాట:
వానొచ్చింది.

ఉరుము లేదు. ఎర్రనీళ్లు లేవు.
గట్టు మీది గడ్డి మునిగిన వాసన లేదు.
పడమట కన్నడ కొండల్లో కురిస్తే తప్ప
మాకు ఏరు రాదు.
ఆ దూరమంతా కోసేసి
నెత్తుటికే నేరుగా కబురు పంపాను.

మద్దిలేటి గట్టు మీద బీడీ ముట్టించాడు.
"ఇప్పుడు సీసాలొచ్చినాయి గానీ
మా నాయన సర్కారు ఫారంలో చేసే కాలంలో
చేపలంగట్లో తలకాయలు గోతంలో మోసుకొచ్చి
పుర్రె కోసి, ఆవగింజంత గడ్డ తీసి
సారాయిలో ఏసి పెడ్తాంటిరి.
సచ్చినదాని తలకాయలో మిగిలిన వానని
బతికినదానికి ఎక్కిస్తాంటిరి."

తొట్టిలో గుర్రపుడెక్క వేశాం నీడకి.
పైపుకి మేకుతో బొక్కలు కొట్టి
సన్నగా చినుకులు కూడా పెట్టాం.
అబద్ధానికి సాక్ష్యం ఉండాలి కదా.

ఇరవై ఆరు గంటలు.
టార్చి వెయ్యకూడదు, దగ్గకూడదు.
తెల్లారి ఆకులు పక్కకి జరిపితే
కొర్రగింజలంత గుడ్లు
నూనె పొరలా తేలుతున్నాయి.
కిందనే మగ నాలుగు, కదలకుండా, కాపలా.
స్టీలు గిన్నెతో ముంచుతుంటే
గిన్నెని కొరికింది.
పళ్లు లోహానికి తగిలిన చప్పుడు
నా మణికట్టు దాకా వచ్చింది.

పద్నాలుగు వేలు, అటూ ఇటూ.
అది రాశాను.
ఖాళీ మూల చుట్టూ మగది మూడు రోజులు తిరిగింది.
దానికి రిజిస్టరులో గడి లేదు.

ఐదో రోజు రాత్రి రేకుల మీద మొదట ఒకటి,
తర్వాత లెక్క తెలియనన్ని.
కరెంటు పోయింది.
గొడుగు మరిచిపోయి తొట్టి దగ్గరికి పరుగెత్తాను.
ఆడ పదకొండు పైకి వచ్చింది.
మూతి బయట పెట్టి గాలి మింగింది.
మళ్లీ దిగి, డెక్క వేళ్ల మధ్య
చోటు వెతుకుతున్నట్టు గుండ్రంగా తిరిగింది.
మెరుపు వెలుతురులో దాని కడుపు
పాలు తాగేసిన సంచిలా వేలాడుతోంది.

మద్దిలేటి తలకి గోనెపట్ట కప్పుకుని పక్కన నిలబడ్డాడు.
"ఐదు దినాలు ఆగింటే..."
కొంచెంసేపు వానే మాట్లాడింది.
"రాకపోయింటే?"
అదీ అతనే అన్నాడు.
నిరుడు ఆగాం.
మడుగు బీటలు వారాక మూరెడు లోతు తవ్వి తీసిన చేపలు
గుడ్లు కడుపులోనే కరిగించుకుని
తోలూ ముల్లూ అయి ఉన్నాయి.

ఇరవై రోజులకి పిల్లలు
ఎర్ర దారప్పోగులు తెగిపడ్డట్టు కదులుతున్నాయి.
పెద్దది చిన్నదాన్ని మింగకముందే
జల్లెడ పట్టి వేరు చెయ్యాలి.
సంచుల్లో ఆక్సిజన్ నింపి, రబ్బరుబ్యాండ్లు బిగించి
ఆళ్లగడ్డ రైతుకి ఇన్ని, డోన్ వాళ్లకి ఇన్ని.
ఆఖరి సంచి చేతిలో పట్టుకుని
మద్దిలేటి మోపెడ్ ఎక్కడు, స్టార్టు చెయ్యడు.
"మడుక్కి నీళ్లొచ్చినాయి మేడమా.
దాని అమ్మ ఊరు అదే కదా."
నేను ఏమీ అనలేదు.
పొమ్మనీ అనలేదు.

రిజిస్టరు తెరిచి
చనిపోయినవి అన్న గడిలో
రెండు వేలు అని రాసి
కింద సంతకం పెట్టాను:
కె. ఉరుకుందమ్మ.