పేలని గుండు

హంద్రీ గట్టున మా రేకుల కొట్టు.
మా నాయన దూదేకుల మహబూబన్న
శెనక్కాయ చేలల్లో పందుల్ని బెదిరించే
నాటు తుపాకులకు గొట్టాలు కడిగేవాడు.
నాకు ఆ బల్లా, ఆ ఆకురాయీ,
ముక్కు మీద ఒక భూతద్దమూ మిగిలినాయి.

బేతంచెర్ల నాపరాళ్ళ సుంకిరెడ్డి
లైసెన్సు కాగితం ముందు పరిచి
బనీను కింద నుంచి దాన్ని తీసినాడు.
పొట్టిది. ఐదు గదులు. నలభై ఐదు నోరు.
అరచేతిలో దాక్కుంటాది,
మాట మాత్రం క్వారీలో తూటా మాట.

"ఎన్నేండ్లు మన్నుతాది ఫక్కీరప్పా?"

చక్రం పట్టి కదిపి చూసినా.
ఊడబోయే పాలపన్ను మాదిరి ఊగుతోంది.
గొట్టానికీ చక్రానికీ నడుమ సందులో
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం దూర్చినా.
ఒక మడత పోయింది.
రెండు మడతలూ పోయినాయి.
పైపట్టీ అడుగున నిప్పు కొరికిన గీత.
చెమటకి తుప్పెక్కిన మర ఒకటి
సగం చుట్టు వెనక్కి తిరిగి ఉంది.

"పెద్ద గుండు తప్పు గాదు రెడ్డీ,
చిన్న ఒళ్ళూ తప్పు గాదు.
ఆ రెంటికీ పెండ్లి చేసినోడు ఆలోచించాల.
నిండు మందువి కాలుస్తా పోతే ఉక్కు సాగుతాది.
సాగేది కంటికి ఆనదు, వడ్డీ మాదిరి."

"మరి ఏవి కొనాల?"
"తక్కువ మందువి. మణికట్టు కూడా బతుకుతాది."
నవ్వినాడు. "నేనేమన్నా పావురాలు కొడతానా?"

అప్పుడు చెప్పినా.
పేలిన గుండు దాని దోవన అది పోతాది.
దాని తన్ను మాత్రం
గదుల్లో కూచున్న మిగతావాటికి తగుల్తాది.
తేలిక తుపాకీ, బరువు గుండు:
తన్నినప్పుడల్లా పేలనిది
డొల్లలోంచి వెంట్రుకవాసి ముందుకు జరుగుతాది.
మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో
ముక్కు బయటపెట్టి చట్రానికి అడ్డం పడతాది.
ఇంక చక్రం తిరగదు.
ఎంత నొక్కు, తిరగదు.

"కాల్చిందా అడ్డం పడేది?"
"కాల్చనిది."

సుంకిరెడ్డి ఉంగరం తిప్పుకుంటా
చానాసేపు హంద్రీ దిక్కు చూసినాడు.
వాళ్ళన్న సంగతి కర్నూలంతా ఎరుగు.
నేను ఎత్తలేదు.
ఆకురాయి తుడిచి పక్కన పెట్టినా.

మర బిగించి, నూనె వేసి, నూట ఎనభై అన్నా.
రెండొందలు పెట్టి చిల్లర అడగలేదు.
ఐదు గుండ్లూ బల్ల మీదే ఉన్నాయి,
ఒకటి మిగతావాటికంటే
గోరు మందం పొడుగ్గా.

గడప దాటినాక వెనక్కి తిరిగినాడు.
"పందులకైతే ఏది మంచిదప్పా?"

శబ్దం, అన్నా.
మా నాయన ఎప్పుడూ గుండు పెట్టలేదు.