పళ్ళు చూసి

షువైఖ్‌లో, నెలాఖరు గురువారం, మధ్యాహ్నం మూడు.
షోరూం అద్దాలకు అవతల ఎండ తెల్లగా కాగుతోంది.
ఇవతల చలి.
నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినబడే చలి.

"ఒబైద్, నువ్వే మాట్లాడు" అంది మామా బదరియా.
నా పేరు ఓబులేసు. పదహారేళ్ళుగా దిద్దలేదు.
దారిలోనే ఒప్పందమైంది మాకు:
తాళాల గుత్తి బల్ల మీద ఉన్నంతసేపు ఆమె కూచోవాలి,
నేను చేతిలోకి తీసుకుంటే లేవాలి.
"మొహంలో మాత్రం ఏమీ కనబడకూడదు మామా."
నవ్వింది.
భర్త పోయాక తనంతట తాను కొంటున్న మొదటి బండి.

మా నాయన రాయచోటి సంతలో ఎద్దుల దళారి.
తువాలు కింద చెయ్యి దూర్చి
వేళ్ళతో ధర చెప్పేవాడు,
పైన మాత్రం వానల సంగతి మాట్లాడేవాడు.
అమ్మేవాడి నోరు కాదురా,
ఎద్దు నోరు తెరిచి చూడు, అనేవాడు.

కారుకు పళ్ళెక్కడుంటాయి?
హానీ అనే ఈజిప్టు కుర్రాడు
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
తోలు సీట్ల గురించి, పద్దెనిమిది స్పీకర్ల గురించి
ఆమెకొక్కదానికే చెబుతున్నాడు.
నేను వంగి, ముందు టైరు పక్క
దుమ్ము తుడిచి చదివాను నాలుగంకెలు.
ఏ వారం, ఏ ఏడు.
మోకాళ్ళు దులుపుకుని లేచాను.
"పద్నాలుగు నెలల టైరు హానీ సాబ్,
ఎన్ని ఎండలు తాగిందో మీ యార్డులో."
అప్పుడు చూశాడు నా వైపు, మొదటిసారి.

ఇరవై ఎనిమిది వేల తొమ్మిది వందల దినార్లు.
అంకె వేసి కాలిక్యులేటర్ ఆమె ముందుకు నెట్టాడు.
నా వైపు తిప్పుకుని ఇంకో అంకె వేశాను.
నెట్టాడు. నెట్టాను.
తువాలు లేదు, అంతా వెలుతురే,
వానల సంగతి మాట్లాడదామంటే వానలూ లేవు.
తాళాలు తీశాను.
ఎంత బాగా లేచిందో మామా!
అబాయా సర్దుకుని, సంచీ భుజానేసుకుని,
వెనక్కి చూడకుండా తలుపు దాకా నడిచింది.
సంతలోనే పుట్టిందేమో అనుకున్నాను.
మేనేజరు లోపల్నుంచి పరుగున వచ్చాడు.

పాత బండి కూడా వాళ్ళకే ఇచ్చేస్తున్నాం.
"దెబ్బలేమన్నా ఉన్నాయా?" అడిగాడు హానీ.
"చూసుకోండి" అన్నాను.
వెనక బంపరు గీత గోడ వైపుండేట్టు
పొద్దున్నే ఆపి ఉంచాను.
మా నాయనా అంతే, కుంటెద్దును ఇసకలోనే నడిపించేవాడు.

ఇరవై ఐదు వేల ఏడు వందల యాభై,
అయిదేళ్ళ సర్వీసు, అద్దాలకు నల్లకాగితం.
సంతకాలయ్యాయి.
రెండో కప్పు కాఫీ నా ముందుకొచ్చింది.
"ఎవరినైనా తీసుకురా, నీకూ ఉంటుంది" అని
హానీ ఇచ్చిన కార్డు
పాత బండి డాష్‌బోర్డు అరలోనే మర్చిపోయాను.
మర్చిపోయాననే అనుకుందాం.

తగ్గించింది మూడు వేల నూట యాభై.
నా జీతం నూట నలభై.
లెక్క వెయ్యకూడదనుకున్నాను.
బల్ల కింద వేళ్ళు వాటంతటవే మడతపడ్డాయి:
ఇరవై రెండున్నర నెలలు.
అవతల పట్టుకునే చెయ్యి లేదు.

బండెక్కాక అడిగింది, "నీకేం కావాలి ఒబైద్?"
అంతసేపూ ఆడిన నాలుక
దవడకు అతుక్కుపోయింది.
"సీటు కాస్త వెనక్కి జరుపుకుంటాను మామా."
తలుపు దగ్గర మూడు మీటలు.
ఒకటి ఆమెది, రెండు కొడుకు ఫహద్‌ది.
"మూడు నొక్కి పట్టుకో" అంది.
పట్టుకున్నాను. బండి చిన్నగా కూసింది:
నా నడుము వంపు, కాళ్ళ పొడవు,
అద్దం ఒరిగిన కోణం, అన్నీ గుర్తు పెట్టుకుంది.

మర్నాడు ఫహద్ తిరిగొచ్చాక
సీటు స్టీరింగుకు కరుచుకుని ఉంది.
మూడు నొక్కాను.
మెల్లగా వెనక్కి జరిగింది. ఆగింది.

ఇంకో అంగుళం అడిగి ఉండాల్సింది.